మా అబ్బాయిని మళ్ళీ చదువులో పెట్టిన మాస్టారికి, కౌన్సెలర్ గారికి కృతజ్ఞతలు

మా అబ్బాయి, రోజూ బడికి వెళ్ళకుండానే చదువుకునే ఓపెన్ స్కూల్ పదో తరగతి పరీక్షలో ఐదు సబ్జెక్టులూ పాసయ్యాడు. ఈ రెండేళ్ళూ మాకు అండగా నిలిచిన స్టడీ సెంటర్ మాస్టారికీ, కౌన్సెలర్ గారికీ నలుగురి ఎదుటా కృతజ్ఞతలు చెప్పుకోవాలని ఇది రాస్తున్నాను.

వాళ్ళ నాన్నగారు కాలం చేసేనాటికి వాడు తొమ్మిదో తరగతి. లెక్కల్లో వెనకబడ్డాడు, బడి ఎగ్గొట్టాడు, ఎవరు పలకరించినా కసురుకునేవాడు. మరుసటి ఏడు పదో తరగతి ఫలితాల శాతం తగ్గుతుందని అప్పటి బడివారు టీసీ తీసుకొమ్మన్నారు. ఆపైన ఏడు నెలలు వాడు పగలంతా బైక్ మెకానిక్ షెడ్డులో గడిపి, రాత్రి కంచం ముందు తల దించుకుని కూర్చునేవాడు.

మాస్టారు మొదటిసారి మా ఇంటికి వచ్చినప్పుడు చదువు ఊసే ఎత్తలేదు. తమ స్కూటరు స్టార్టు కావడం లేదని చెప్పి వాడిచేత ప్లగ్గు విప్పించారు. మసిబారిన దాని కొనను వాడు గరుకు కాగితంతో రుద్దుతున్నంతసేపూ అరుగు మీద కూర్చుని చూశారు. వెళ్ళేటప్పుడు, "ఆదివారం ఒకసారి సెంటరుకు రారా, నచ్చకపోతే వెళ్ళిపోదువుగాని" అన్నారు. వాడు వెళ్ళాడు.

ఉమ్మడి రాష్ట్రంలో 1991లోనే మొదలైన ఈ ఓపెన్ స్కూల్ గురించి నాకు అప్పటిదాకా తెలియదు. 14 ఏళ్ళు నిండితే నేరుగా పదో తరగతికి కట్టవచ్చనీ, అందులో లెక్కలు తప్పనిసరి కాదనీ మాస్టారే చెప్పారు. లెక్కల బదులు గృహవిజ్ఞానం తీసుకుంటే, మగపిల్లాడికి అదేమి చదువని మా బంధువులు అన్నారు. బడి అంటేనే బెదిరిపోయిన పిల్లవాడి మీది నుంచి ఆ ఒక్క బరువు దించడం ఎంత మేలు చేసిందో కళ్ళారా చూసినదాన్ని కనుక, ఆ నిర్ణయం సరైనదేనని గట్టిగా చెప్పగలను.

కౌన్సెలర్ గారి ఋణం వేరు. మొదటి నెలంతా వాడు నోరు విప్పకపోయినా ఆవిడ వారం వారం వచ్చి వాడి పక్కన కూర్చున్నారు. వాణ్ణి మా అన్నయ్య కొడుకుతో పోల్చడం మానమని నాకు మెత్తగానే, కానీ ఖచ్చితంగా చెప్పారు. వాడి నోటుపుస్తకం వెనక అట్ట మీద ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416 రాసి, వేళ కాని వేళయినా చేయవచ్చని చెప్పారు. బతకాలని లేదని వాడు ఏడ్చిన రాత్రి ఆ నంబరుకే చేశాను. అవతలివారు తెలుగులో, ఏ తొందరా లేకుండా, వాడు తేరుకునేదాకా మాట్లాడారు. తెల్లవారేసరికి కౌన్సెలర్ గారు మా గుమ్మంలో ఉన్నారు.

ఇప్పుడు వాడు ఐటీఐలో చేరడానికి దరఖాస్తు పెట్టుకుంటున్నాడు. మాస్టారూ, అమ్మా, మార్కుల మెమో తీసుకుని ఈ ఆదివారం మీ ఇద్దరి దగ్గరికీ వస్తున్నాము.