క్లెమెంటీని మోజార్ట్ ఉత్తరంతోనే కొలుస్తారా?

సంపాదకులు గారికి నమస్కారం,

పోయిన ఆదివారం మీ పేపర్లో మోజార్ట్ మీద వచ్చిన వ్యాసం చదివాను, బాగా రాశారు. కానీ అందులో అదే కాలపు పియానో విద్వాంసుడు, సంగీత రచయిత ముజియో క్లెమెంటీ గురించి ఉన్నవి రెండే రెండు వాక్యాలు, వేళ్లు పరిగెత్తించడం తప్ప ఇంకేం రాని మనిషి అన్నట్టు తేల్చేసి వెళ్లిపోయారు. అది చదివాక మనసు ఊరుకోలేదండి, అందుకే ఈ ఉత్తరం.

ఆ మాట అసలు ఎక్కడ పుట్టిందో చూడండి. 1781 డిసెంబరు 24న వియన్నాలో రెండో జోసెఫ్ చక్రవర్తి తన అతిథులైన రష్యా యువరాజు దంపతుల ముందు ఇద్దరికీ పోటీ పెట్టాడు, అప్పటికి మోజార్ట్‌కి 25, క్లెమెంటీకి 29. పైసియెల్లో అనే రచయిత సొనాటాలు, అంటే కొన్ని భాగాలుగా సాగే వాద్య రచనలు, ఇచ్చి అక్కడికక్కడే వాయించమన్నారు, ఒక ట్యూన్ తీసుకుని రెండు పియానోల మీద ఇద్దరూ కలిసి అప్పటికప్పుడు అల్లుకుంటూ పెంచమన్నారు, అందులో ఒక పియానోకి శృతి లేదు, మూడు మెట్లు నొక్కితే లేవటం లేదు, అయినా ఫర్వాలేదు కానివ్వమన్నాడట చక్రవర్తి. ఇవన్నీ మోజార్టే వాళ్ల నాన్నకి రాశాడు. ఆ ఉత్తరాల్లోనే క్లెమెంటీ కుడిచెయ్యి బాగుంటుంది, థర్డ్స్ బాగా వాయిస్తాడు, అంతకుమించి అభిరుచి గానీ భావం గానీ కాణీకి కొరగాదు, ఒట్టి మెకానిక్ అని కూడా రాశాడు. ఇంట్లోవాళ్లకి రాసుకున్న మాట అది, పోటీ జరిగి మూడు వారాలు కూడా కాలేదు. దాన్నే రెండు వందల ఏళ్లుగా తీర్పులా మోస్తున్నాం!

థర్డ్స్ అంటే తెలియనివాళ్లకి చెప్తాను, మధ్యలో ఒక మెట్టు వదిలి రెండు మెట్లు ఒకేసారి ఒకే చేత్తో నొక్కుతూ వేగంగా పోవాలి, రెండూ ఒక్క క్షణం కూడా ముందూ వెనకా పడకూడదు, నాలుగో వేలూ ఐదో వేలూ దగ్గరకొచ్చేసరికి చెయ్యి బిగుసుకుపోతుంది. ఆ పని అతనికి ఊరికే రాలేదు. రోమ్‌లో వెండిపని చేసే ఆయన కొడుకు, 1766లో పీటర్ బెక్‌ఫర్డ్ అనే ఇంగ్లీషు ధనవంతుడు ఆ పిల్లాడి వాయింపు విని, తండ్రితో మాట్లాడుకుని డోర్సెట్‌లోని తన బంగళాకి తీసుకెళ్లిపోయాడు, అక్కడ ఏడేళ్లపాటు పియానోకి ముందుకాలపు వాద్యమైన హార్ప్సికార్డ్ ముందు అసుర సాధకం. పద్నాలుగేళ్ల పిల్లాడు ఇల్లూ భాషా వదిలి వెళ్లి అలా కూర్చున్నాడంటే నాకైతే గుండె పిండినట్టుంటుంది.

ఇంకో సంగతి మీ వ్యాసంలో రాలేదు. మోజార్ట్ గురించి క్లెమెంటీ ఒక్క చెడ్డమాట కూడా అన్నట్టు నేనెక్కడా చదవలేదు, పైగా అంత జీవంతో అంత అందంగా వాయించేవాళ్లని అప్పటిదాకా వినలేదని తర్వాత శిష్యుడు బెర్గర్‌తో చెప్పుకున్నాడు. ఆ రోజుల్లో నాకు ధాటిగా వాయించడమే సరదా, పాడినట్టు వాయించడం తర్వాత అలవర్చుకున్నాను అని కూడా తనే ఒప్పుకున్నాడు. అంటే మనిషి మారాడు, మనం మాత్రం 1781 దగ్గరే ఆగిపోయాం. ఆ పోటీలో అతను వాయించిన బి ఫ్లాట్ అనే శ్రుతిలోని సొనాటా మొదటి ట్యూను పదేళ్లకి మోజార్ట్ సంగీత నాటకం మ్యాజిక్ ఫ్లూట్ ఓవర్చర్‌లో, అంటే తెర లేచేముందు వాయించే సంగీతంలో, దాదాపు అలాగే వినిపిస్తుంది, రెండూ పక్కపక్కన పెట్టుకుని ఒకసారి వినండి.

ఇక పియానో నేర్చుకున్న మా అందరికీ క్లెమెంటీ అంటే 1797 నాటి ఓపస్ (అంటే రచన నంబరు) 36 సొనాటినాలే, చిన్న సొనాటాలన్నమాట. సి, ఈ, సి, జి, జి అనే స్వరాలతో మొదలయ్యే మొదటిది నేను చిన్నప్పుడు ఎన్ని వందలసార్లు వాయించానో, పరీక్ష అయిపోగానే పుస్తకం మూసేశాను, ఆయన కూడా అంతే అనుకున్నాను. చాలా ఏళ్ల తర్వాత పియానో విద్వాంసుడు హోరోవిట్జ్ 1954లో చేసిన రికార్డింగ్‌లో ఎఫ్ షార్ప్ మైనర్ సొనాటా విన్నాను, ఓపస్ 25లో ఐదోది. దాని మధ్యభాగం మీద లెంటో ఎ పటేటికో అని రాసుంటుంది, అంటే నిదానంగా, ఆర్తితో అని. అది వాయించడానికి కూర్చుంటే వేళ్ల వేగం ఎందుకూ పనికిరాదు, ఒక స్వరం మోగి సన్నబడుతుంటే ఆ సన్నబడినంత మెత్తగానే తర్వాతది అందుకోవాలి, కొంచెం గట్టిగా పడిందా మొత్తం చెడిపోతుంది. ఇది రాసినవాడికి భావం లేదా అండీ? బి మైనర్ ఓపస్ 40 రెండోది, పాత రోమన్ కావ్యంలో వీరుడు ఈనియస్ వదిలేసి వెళ్లిన రాణి డైడో దుఃఖం మీద 1821లో అచ్చేసిన జి మైనర్ సొనాటా, ఇవీ వినాల్సినవే. బీథోవెన్ ఈ సొనాటాలంటే ఎంతో ఇష్టపడేవాడు, 1807లో బీథోవెన్ రచనల అచ్చు గురించి ఇద్దరూ ఒప్పందం కూడా రాసుకున్నారు, వాద్యబృందంతో కలిసి వయొలిన్ వాయించే తన వయొలిన్ కాన్చెర్టోని బీథోవెన్ పియానోకి మార్చింది ఈయన అడిగినందుకే.

క్లెమెంటీ పియానో పుస్తకం గ్రాడస్ ఆడ్ పర్నాసమ్ సంగతీ అంతే. 1817, 1819, 1826లో మూడు భాగాలుగా వచ్చిన వంద రచనలవి, ఒకే ట్యూను ఒకదాని వెనక ఒకటిగా అందుకునే ఫ్యూగులున్నాయి, కానన్‌లున్నాయి, నిదానంగా సాగే అందమైన ముక్కలున్నాయి. తర్వాత టౌసిగ్ అనే పియానో విద్వాంసుడు అందులోంచి 29 మాత్రం వేళ్ల కసరత్తు కోసం ఏరి వేశాడు, అదే అందరి చేతికీ వచ్చింది, దాంతో మొత్తం పుస్తకమే కసరత్తు అనే పేరు పడిపోయింది.

1832లో పోయినప్పుడు ఆయన్ని వెస్ట్‌మిన్‌స్టర్ ఆబేలో సమాధి చేశారు. దయచేసి ఒక ఆదివారం ఈయనకి కూడా అర పేజీ ఇవ్వండి. పియానో నేర్పే టీచర్లకి కూడా ఒక మాట, సొనాటినా అయ్యాక పిల్లలతో పుస్తకం మూయించకండి, ఆ ఎఫ్ షార్ప్ మైనర్ మధ్యభాగం ఒక్కసారి మీరే వాయించి వినిపించండి.

ఇట్లు,
మీ పాత పాఠకురాలు