సెప్టెంబరు 11న పిల్లలను పావుగంట ముందు పంపండి

తల్లిదండ్రులకు నమస్కారం.

టీచర్స్ డే, వినాయక చవితి హడావిడిలో ఎక్కడ మరుగున పడిపోతుందోనని ఈ నెల వార్తాలేఖలో ముందు ఈ సంగతే రాస్తున్నాను. సెప్టెంబరు 11 జాతీయ అటవీ అమరవీరుల దినం. అడవిని, అందులోని జంతువులను కాపాడే పనిలో ప్రాణాలు పోగొట్టుకున్న వాళ్లను తలుచుకునే రోజు. ఆ ఉదయం అసెంబ్లీలో మన పిల్లలు వాళ్లలో కొందరి పేర్లు చదువుతారు. ఎవరు, ఏ అడవిలో, ఏ పని మీద వెళ్లి చనిపోయారో పేరు వెంటనే చెబుతారు.

ఆ తేదీ 1730 నాటిది. జోధ్‌పూర్ దగ్గరున్న ఖేజర్లీ ఊళ్లో రాజుగారి మనుషులు చెట్లు కొట్టడానికి వస్తే అమృతాదేవి, ఆమె కూతుళ్లు చెట్లను వాటేసుకుని ప్రాణాలిచ్చారు. వాళ్లతో కలిపి మొత్తం 363 మంది బిష్ణోయీలు చనిపోయారు. వాళ్లు కాపాడుకున్నది దసరాకి మనం పూజ చేసే జమ్మిచెట్టునే. 2013లో కేంద్ర పర్యావరణ, అటవీ శాఖ ఆ తేదీనే ఈ దినంగా ప్రకటించింది.

పిల్లలకు నేను చెప్పబోయే మొదటి పేరు పి. శ్రీనివాస్. 1954లో రాజమండ్రిలో పుట్టారు, ఐఎఫ్ఎస్‌కి (భారత అటవీ సర్వీసుకి) ఎంపికై కర్ణాటకలో పనిచేశారు. ఏనుగు దంతాలు, గంధం చెక్కల దొంగ వీరప్పన్‌ని పట్టుకోవడం ఆయన మీద పడ్డ పని. తుపాకులతో అడవంతా గాలించడంతో సరిపెట్టకుండా ఆయన వీరప్పన్ సొంత ఊరు గోపీనాథం వెళ్లి అక్కడి జనంతో కలిసిపోయారు. వైద్యం అందేలా చూశారు, మారియమ్మ గుడి కట్టించారు. ముఠాలో కొందరు ఆయన మాట మీద లొంగిపోయారు కూడా. చివరికి వీరప్పన్ నుంచే కబురొచ్చింది, ఆయుధం లేకుండా వస్తే లొంగిపోతానని. 1991 నవంబరు 10న ఆయన అలాగే వెళ్లారు. అది మోసం. ఎలా చంపారన్నది చిన్న తరగతుల పిల్లలకు చెప్పను, పెద్దవాళ్లు అడిగితే దాచను. అప్పటికి ఆయన వయసు 37. ప్రభుత్వం కీర్తిచక్ర ఇచ్చింది. గోపీనాథం జనం తమ గుడిలో ఆయన ఫోటో పెట్టుకున్నారు. నన్నడిగితే ఆ రెండింటిలో రెండోదే పెద్దది.

అయితే పెద్ద ఆఫీసర్ల కథలతో ఆపేస్తే ఈ రోజుకి న్యాయం చేసినట్టు కాదు. అడవిలో ప్రాణాలు పోయేది ఎక్కువగా బీట్ ఆఫీసర్లకి, గార్డులకి, వాచర్లకి. మహారాష్ట్రలోని తాడోబా పులుల అభయారణ్యంలో స్వాతి ఢుమనే అనే ఫారెస్ట్ గార్డు 2021 నవంబరులో పులుల లెక్కింపు పని మీద ముగ్గురు సహాయకులతో నడిచి వెళ్తున్నారు. దారిలో పులి కనిపించింది. అది కదులుతుందేమోనని ఆగి చూశారు. చుట్టుతిరిగి వెళ్దామనుకునేలోపే అది మీదపడింది. మనం పేపర్లో 'పులుల సంఖ్య పెరిగింది' అని చదివి సంతోషిస్తాం కదా, ఆ అంకె వెనక ఇలా తెల్లవారుజామున కాలిబాట పట్టి గుర్తులు వెతికిన మనుషులుంటారు.

వేసవిలో అయితే మంటలు. ఎండుగడ్డిని బారుగా కోసేసి ఖాళీ చారలు వదులుతారు, నిప్పు అటు దాటకుండా. దాన్ని ఫైర్ లైన్ అంటారు. అయినా దాటితే చాలాచోట్ల పచ్చికొమ్మలు విరిచి బాదడమే. కర్ణాటకలోని బండీపూర్ అడవిలో 2017 ఫిబ్రవరిలో మురిగెప్ప అనే గార్డు అలా మంటల్లోనే పోయారు. మరుసటి ఏడాది మార్చిలో, అడవి కాలిన చోటుని చూడటానికి వెళ్లిన అదే రాష్ట్రంలోని నాగరహొళె పులుల అభయారణ్యం డైరెక్టర్ మణికందన్‌ని ఏనుగు చంపింది.

మనకేం సంబంధం అనుకోకండి. మాచర్ల దాటామంటే నాగార్జునసాగర్-శ్రీశైలం పులుల అభయారణ్యమే, విస్తీర్ణంలో దేశంలోకెల్లా పెద్దది. అక్కడి బేస్ క్యాంపుల్లో కాపలా ఉండే ప్రొటెక్షన్ వాచర్లలో చెంచులు చాలామంది. గుంటూరు నుంచి దోర్నాల మీదుగా శ్రీశైలం వెళ్లినవాళ్లకి తెలుసు, రాత్రయితే గేటు వేసేస్తారు. దర్శనం టెన్షన్‌లో మనం హారన్ కొడతాం, గేటు దగ్గరున్న మనిషితో వాదన పెట్టుకుంటాం, ఎవరికైనా ఫోన్ చేయించాలని చూస్తాం. చీకట్లో రోడ్డు దాటే జంతువు బండి కింద పడకూడదనే ఆ గేటు. మన పిల్లలు వెనక సీట్లో కూర్చుని ఇదంతా చూస్తుంటారు.

పై తరగతుల పిల్లలు ఒక ప్రశ్న తప్పకుండా అడుగుతారు, అవతలివైపు ఉన్నదీ పేదవాళ్లే కదా అని. దానికి టీచర్లను సిద్ధం చేస్తున్నాను. 2013 డిసెంబరులో శేషాచలం అడవిలో ఎర్రచందనం కొట్టేవాళ్లు శ్రీధర్, డేవిడ్ కరుణాకర్ అనే ఇద్దరు అటవీ ఉద్యోగుల్ని కొట్టి చంపారు. అదే కొండల్లో 2015 ఏప్రిల్‌లో పోలీసు కాల్పుల్లో 20 మంది కూలీలు చనిపోయారు. చెట్టు కొట్టిన కూలీకి దక్కేది కొద్దిపాటి డబ్బు, దుంగ మీద కోట్లు గడించేవాడు అడవి ముఖం కూడా చూడడు. 2022 నవంబరులో భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో రేంజర్ శ్రీనివాసరావును పోడు భూమి తగాదాలో నరికి చంపారు. అక్కడా అవతలివైపు ఉన్నది కడుపు చేతపట్టుకుని అడవికి వచ్చిన గిరిజనులే. హత్య హత్యే, అందులో రెండో మాట లేదు. కానీ ఒకవైపు దేవుళ్లని, ఇంకోవైపు రాక్షసుల్ని నిలబెట్టి చెబితే తొమ్మిదో తరగతి పిల్లలు నమ్మరు, నమ్మకూడదు కూడా. మీ ఇంట్లో చర్చ వస్తే 'నీకెందుకురా ఇవన్నీ' అని కొట్టిపారేయకండి.

పులి వేషాలు, ముఖానికి రంగులు వద్దు. ఇది ఫ్యాన్సీ డ్రెస్ కాదు. డబ్బు కూడా ఏమీ పంపొద్దు. పిల్లలు అటవీ సిబ్బంది కుటుంబాలకు సొంతంగా రాసే ఉత్తరాలను మేమే అటవీ శాఖ ఆఫీసులో అందజేస్తాం. ఆ ఉత్తరాలను మీరు దిద్దొద్దు, తప్పులున్నా అలాగే ఉండనివ్వండి.

మీ నుంచి కావలసింది వేరే ఉంది. పిల్లల డ్రాయింగ్ బ్రష్షులు ఒకసారి తీసి చూడండి. వెంట్రుక కొస ముదురు గోధుమ రంగులో, మధ్యలో మీగడ రంగులో, మొదట్లో మళ్లీ ముదురుగా ఉంటే అది ముంగిస వెంట్రుక కావచ్చు. వాటి కోసం ముంగిసల్ని చంపుతారు, ఆ బ్రష్షులు అమ్మడం నేరం. ఇకనుంచి మన బడి సామాన్ల జాబితాలో నైలాన్ బ్రష్షులే ఉంటాయి. అలాగే పంజరంలో రామచిలుకని పెట్టుకోవడం, కలిసొస్తుందని నక్షత్ర తాబేలుని పెంచడం వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం కుదరవు. ఉంటే మీరే బయట వదిలేయకండి, పంజరానికి అలవాటుపడ్డ పక్షి బతకలేదు. అటవీ శాఖ వాళ్లకి అప్పగించండి. ఎవరింట్లో ఏముందని పిల్లల్ని మేం అడగబోం.

అసెంబ్లీ కాస్త సాగుతుంది కాబట్టి ఆ రోజు బస్సులు పావుగంట ముందే బయల్దేరతాయి. మొదటి పీరియడ్‌లో పెట్టిన ఎనిమిదో తరగతి లెక్కల పరీక్ష మర్నాటికి మార్చాం. రావాలనుకున్న తల్లిదండ్రులు నేరుగా గ్రౌండ్‌లోకి రావచ్చు, పాస్ అక్కర్లేదు.

మీ
ప్రధానోపాధ్యాయురాలు