బుధవారం లైబ్రరీ సంగతి

బిడ్డా,

మేము ఇల్లు చేరి వారం దాటింది కానీ జెట్‌లాగ్ ఇంకా వదల్లేదు, రాత్రి రెండింటికే మెలకువ వచ్చి కూర్చుంటున్నాను. ఇట్లా కూర్చున్నప్పుడే నీకొక సంగతి చెప్పేద్దామనిపించింది. ఫోన్‌లో అయితే మధ్యలో మీ అమ్మ అందుకుంటుంది, అందుకే రాస్తున్నాను.

మే నెలలో నువ్వు ఆఫీసు నుంచి తొందరగా వచ్చి మమ్మల్ని సియాటెల్‌లో మీ పేట, ఆ కొలంబియా సిటీలో పార్కు పక్కన జరిగే సంతకు తీసుకుపోయావు, గుర్తుందా? ఒక్క కట్ట ఆకుకూరకు నాలుగు డాలర్లని చూసి "మూడొందలు దాటింది, మూడొందలు" అని దారంతా గొణిగి నీ మూడ్ పాడు చేసింది నేనే. ఇంకోసారి అటు తీసుకుపోతే ఒట్టు అన్నావు. నువ్వు తీసుకుపోలేదు, నిజమే. నేనే పోయాను. జూన్, జూలై, ఆగస్టు, ఒకటి రెండు వారాలు తప్పిస్తే ప్రతి బుధవారం పోయాను. మూడున్నరకు "లైబ్రరీకి పోయొస్తా" అని బయల్దేరేవాణ్ణి కదా, అది పూర్తిగా అబద్ధం కూడా కాదు, 1915లో కట్టిన ఆ లైబ్రరీ ఉన్నది ఆ పార్కులోనే, లోపలికి పోయి ఒక పది నిమిషాలు ఏదో ఒకటి తిరగేసి వచ్చేవాణ్ణి.

మొదటిసారి ఊరికే చూద్దామని పోయాను. పండించినవాళ్ళే అమ్మాలి, అదీ వాషింగ్టన్ రాష్ట్రంలో పండినదే అయ్యుండాలి, హోల్‌సేల్‌లో కొని తెచ్చి బల్ల మీద పరిస్తే కుదరదు అని నువ్వే చెప్పావు. మన దగ్గర 1999 జనవరి 26న రైతు బజార్లు మొదలైనప్పుడూ ఇదే మాట, మధ్యలో దళారీ ఉండొద్దని. కాకపోతే మన రైతు బజార్‌లో ధర పొద్దున్నే బోర్డు మీద రాసిపెడతారు, హోల్‌సేల్ కంటే కొంచెం పైన, బయటి చిల్లర ధర కంటే కొంచెం కింద. అక్కడేమో రైతు ఒక అట్టముక్క తీసుకుని తన సరుకు రేటు తనే రాసి నిలబెడుతున్నాడు. అది చూస్తే నాకు మీ తాత గుర్తొచ్చాడు. మిర్చి బస్తాలతో యార్డుకు పోయి రెండు రాత్రులు వాటి మీదే పడుకునేవాడు, ధర చెప్పేది మాత్రం ఎప్పుడూ అవతలివాడే. తేమ ఉందని ఒకసారి, తాలు ఉందని ఒకసారి, బస్తాకు ఇంతని తరుగు తీస్తే కండువా ఈ భుజం మీంచి ఆ భుజం మీదికి మార్చుకుని సరేననేవాడు. మన వీధిలోకి గంపతో వచ్చే ఆమె కూడా ధర చెప్తుందిలే, కానీ ఆమె చెప్పినదాన్ని సగం చేసేదాకా మనం గంప దించనిస్తామా?

నేను ఎక్కువగా పోయింది యాకిమా వైపు నుంచి వచ్చే ఒకావిడ దగ్గరికి. కొండలు దాటి రెండున్నర గంటల ప్రయాణం, సాయంత్రం ఏడింటికి సంత ముగిశాక మళ్ళీ అంత దూరం. ఆమె దగ్గర రెయినియర్ చెర్రీలు ఉండేవి, పసుపు పచ్చగా ఉండి ఒక చెంప మీద ఎర్రగా పొడి అద్దినట్టు. వాటిని 1952లో ఆ రాష్ట్రంలోనే, ప్రోసర్ అనే చోట, బింగ్, వ్యాన్ అనే రెండు రకాలను కలిపి పుట్టించారట. వేలితో గట్టిగా నొక్కితే గంటలో అక్కడ గోధుమరంగు మచ్చ పడుతుంది, అందుకని ఆవిడ ఒక్కో పండును తొడిమ పట్టుకునే తీసేది. తూకం అయ్యాక నేను కొసరు అడిగాను. కొసరుకు ఇంగ్లీషులో ఏమంటారో నాకేం తెలుసు, "లిటిల్ ఎక్స్‌ట్రా" అన్నాను. నవ్వి గుప్పెడు వేసింది. తర్వాతి వారం నుంచి అడగకుండానే వేసేది.

వాటిని ఇంటికి తెచ్చే ధైర్యం లేక పార్కులో బెంచీ మీద కూర్చుని తినేవాణ్ణి. నా షుగర్ సంగతి తెలుసు, తిట్టకు. జూలైలో రీడింగ్ ఎక్కువ వచ్చిందని నువ్వు అన్నం తగ్గించావు చూడు, తప్పు అన్నానిది కాదు.

ఇంకొకటి ఉంది, అసలైనది. ఒకరోజు ఆమె బల్ల చివర తడిగుడ్డ కింద గంగవాయిలి కూర కనపడింది. మీ అమ్మ వచ్చినప్పటి నుంచి కలవరిస్తున్న కూర! ఆవిడ దాన్ని వెర్దొలాగాస్ అంది, వాళ్ళమ్మ మెక్సికోలో పంది మాంసంలో వేసి వండేదట. నేను గంగవాయిలి అని చెప్తే రెండుసార్లు పలికి చూసింది, రెండుసార్లూ తప్పే పలికింది. కట్ట నాలుగు డాలర్లు. నువ్విచ్చిన కాఫీ డబ్బుల్లోంచి, నోరు మూసుకుని ఇచ్చాను. ఇంటికొచ్చాక ఎక్కడిదని మీరిద్దరూ అడిగితే సంతలో కొన్నానని చెప్పడానికి మొహం చెల్లక, లైబ్రరీ వెనక మొలిచింది, పీక్కొచ్చానన్నాను. "పార్కులో కుక్కలు తిరుగుతాయి నాన్నా" అని నువ్వు కట్టకు కట్టా తీసి కంపోస్టు డబ్బాలో పడేశావు. అప్పుడు కూడా నోరు మెదపలేదు చూడు, అంత రోషం నాకు.

అక్టోబర్‌తో ఆ సంత మూసేస్తారు కదా, మళ్ళీ మే దాకా ఉండదు. ఈలోపు ఒక బుధవారం ఎట్లాగైనా వీలు చేసుకుని పో. లైబ్రరీ వైపు నుంచి పోతే ఆకుపచ్చ టెంటు, బల్ల మీద పాత స్ప్రింగు త్రాసు ఉంటుంది. గంగవాయిలి ఇంకా వస్తుంటే రెండు కట్టలు తీసుకో. కందిపప్పులో వండు, ఆకే పుల్లగా ఉంటుంది కాబట్టి చింతపండు తగ్గించు, వెల్లుల్లి పోపు మాత్రం గట్టిగా పెట్టు. తర్వాతి వారం చిన్న డబ్బాలో పెట్టి ఆవిడకు ఇచ్చిరా. ఎట్లా కుదిరిందని ఆమె అడిగినప్పుడు, బ్రహ్మాండంగా కుదిరింది, మా అమ్మాయి రెండుసార్లు వడ్డించుకుందని చెప్పేశాను.

మీ నాన్న