గోల్ఫ్ సంఘం వార్షిక నివేదిక 2024–25: ఈ ఏడాది పనంతా యాభై గజాల లోపలే

సభ్యులందరికీ నమస్కారం.

నియమావళి ప్రకారం సర్వసభ్య సమావేశానికి పది రోజుల ముందే ఈ నివేదిక మీ చేతికి రావాలి. రెండు ఉపసంఘాల కాగితాల కోసం ఎదురుచూసి కొంత ఆలస్యమైంది. అవి ఇప్పటికీ రాలేదు, ఇక ఆగేది లేదు.

సంఘం ఆశయాలు మీకు తెలిసినవే, మళ్లీ ఏకరువు పెట్టను. గత సమావేశంలో మనమే చేతులెత్తి ఆమోదించిన తీర్మానాన్ని మాత్రం గుర్తు చేస్తాను. ఈ ఏడాది శిక్షణకు కేటాయించిన డబ్బూ, సమయమూ షార్ట్ గేమ్‌కే, అంటే గ్రీన్ (గుంత ఉండే నున్నటి గడ్డి) మీదా దాని చుట్టూ కొట్టే చిన్న దెబ్బలకే ఖర్చు చేయాలన్నది ఆ తీర్మానం. డ్రైవర్ (మొదటి దెబ్బను దూరంగా కొట్టే క్లబ్) తరగతులు ఎందుకు పెట్టలేదని ఏడాది పొడవునా వాట్సాప్‌లో అడిగినవారికి ఇదే జవాబు. ప్రపంచ స్థాయి ప్రొఫెషనల్ కూడా 18 గ్రీన్లలో సుమారు 12 మాత్రమే అనుకున్న స్ట్రోకుల్లో చేరతాడు. మనలో 18 హ్యాండిక్యాప్ వారికి (నిర్ణీత స్కోరు కన్నా సుమారు 18 స్ట్రోకులు ఎక్కువ ఆడేవారికి) నాలుగైదు దొరికితే ఆ రోజు పండగే. మిగతా హోల్స్‌లో స్కోరును తేల్చేది గ్రీన్ పక్కనుంచి కాస్త లేపి దొర్లించే ఒక చిప్, దాని తర్వాత గ్రీన్ మీద గుంతలోకి దొర్లించే పుట్. మన బెంగళూరు అమ్మాయి అదితి అశోక్ టోక్యో ఒలింపిక్స్‌లో ఒక్క స్ట్రోక్ తేడాతో పతకం తప్పి నాలుగో స్థానంలో నిలిచింది. ఆ పోటీలో అతి తక్కువ దూరం డ్రైవ్ కొట్టినవారిలో ఆమె ఒకరు. అయినా కొత్త డ్రైవర్ కొంటామనేవారు కొనుక్కోండి, సంఘం అడ్డు చెప్పదు.

ఆదివారం తరగతులు

నెలకు రెండు ఆదివారాలు ఉదయం ఆరున్నరకు తరగతులు జరిగాయి. పేరిచ్చినవారిలో సగం మంది వస్తే గొప్ప. ఆదివారం తెల్లవారుజామున సిల్క్ బోర్డ్ దగ్గర ట్రాఫిక్‌లో చిక్కుకున్నామని కబురు పెట్టినవారి ఊహాశక్తికి కార్యవర్గం అభినందనలు తెలుపుతోంది.

నేల విషయంలో ఈ ఏడాది రెండు చివరలూ చూశాం. మొదలుపెట్టిన 2024 ఏప్రిల్‌లో నగరమంతా నీళ్ల ట్యాంకర్ల కోసం పడిగాపులు కాస్తోంది, ఇక గడ్డికి నీళ్లెక్కడివి? చిప్పింగ్ చేసే చోట గడ్డి పలచబడి నేల బిగుసుకుపోయింది. అక్టోబరు వానలకు అదే చోట బూటు దిగబడింది. ఎండలో క్లబ్ అంచు బంతి నడుముకు తగిలి బంతి గ్రీన్ దాటి పరుగెత్తింది, వానలో క్లబ్ మట్టిలో కూరుకుపోయి బంతి రెండు గజాలు కూడా కదల్లేదు. సభ్యులు నేలను తిట్టారు గానీ ఎక్కువమంది విషయంలో రెండింటికీ కారణం ఒక్కటే. వెడ్జ్ (బంతిని ఎత్తుగా లేపే క్లబ్) అడుగున ఉన్న బౌన్స్‌ను వాళ్లు వాడుకోవడం లేదు.

వెడ్జ్‌ను నిటారుగా నేల మీద ఆనిస్తే ముందు అంచు కాస్త పైకి లేచి, సోల్ (క్లబ్ అడుగు) వెనుక భాగం నేలను తాకుతుంది. ఆ కోణమే బౌన్స్. క్లబ్ తవ్వుకుపోకుండా జారేది దాని వల్లే. 4–6 డిగ్రీలు తక్కువ, 7–10 మధ్యరకం, ఆపైన ఎక్కువ. చిప్ అంటే ‘బంతి వెనక కాలి దగ్గర, చేతులు బాగా ముందుకు’ అని మనలో చాలామందికి ఎప్పుడో ఎవరో నేర్పారు. ఇక్కడ లెక్క చూడండి. 56 డిగ్రీల లాఫ్ట్ (క్లబ్ ముఖం వాలు), 10 డిగ్రీల బౌన్స్ ఉన్న శాండ్ వెడ్జ్ షాఫ్ట్‌ను (క్లబ్ కర్రను) 10 డిగ్రీలు ముందుకు వాల్చితే బౌన్స్ సున్నా అవుతుంది, లాఫ్ట్ 46కు పడిపోతుంది. అప్పుడు చేతిలో ఉన్నది గునపమే. అర అంగుళం వెనక తగిలిందా, వానాకాలం మట్టిలో ఇక అంతే.

సరిదిద్దిన పద్ధతి మళ్లీ రాస్తున్నాను, రానివారి కోసం. పాదాల మధ్య జానెడు ఎడం చాలు. బంతి నడిమికి, మహా అయితే దానికి ఒక అంగుళం వెనక్కి ఉండాలి. బరువు అరవై శాతం ముందు కాలి మీద ఉంచి చివరిదాకా అక్కడే నిలపాలి. గ్రిప్ (పిడి) చివర ముందు తొడ లోపలి వైపు చూస్తే చాలు, జేబు దాటి పోనక్కర్లేదు. భుజాలతో ఊపాలి, కొట్టాక ఛాతీ గుంత వైపు తిరగాలి. బంతి లేకుండా పదిసార్లు ఊపి చెవి పెట్టి వినండి. సోల్ గడ్డిని తాకితే ‘టప్’మని పొడి చప్పుడు వస్తుంది, గడ్డి కొనలు తెగుతాయే తప్ప మట్టి లేవదు. మట్టి పెళ్ల లేచిందంటే చేతులు ఇంకా ముందుకే ఉన్నాయన్నమాట. దీనికి ఎదురు జబ్బు మణికట్టు విరిచి బంతిని లేపబోవడం. బరువు వెనక్కి పోతుంది, క్లబ్ ముందు అంచు పైకి లేస్తూ బంతి నడుముకు తగులుతుంది, బంతి అవతలి బంకర్ (ఇసుక గుంట) చేరుతుంది. లేపే పని లాఫ్ట్‌ది.

ఏ క్లబ్ తీయాలనేదానికి క్యాడీలు (బ్యాగు మోసి సలహా ఇచ్చేవారు) ఎప్పటినుంచో వాడే లెక్కనే తరగతిలో నేర్పాం. మామూలు వేగం ఉన్న, చదునైన గ్రీన్ మీద బంతి గాల్లో వెళ్లిన దూరం ఒక వంతు అనుకుంటే, పడ్డాక దొర్లేది శాండ్ వెడ్జ్‌కు ఒక వంతు, పిచింగ్ వెడ్జ్‌కు రెండు, 9 నంబరు ఐరన్‌కు (నంబరు తగ్గేకొద్దీ లాఫ్ట్ తగ్గుతుంది) మూడు, 8కి నాలుగు, 7కి ఐదు. బంతి గ్రీన్ అంచుకు రెండు అంగల దూరంలో, గుంత ఆ అంచు నుంచి పది అంగలు లోపలికి ఉంటే, బంతి గ్రీన్ మీద ఒక అంగ లోపల పడేలా కొట్టాలి. అంటే గాల్లో మూడు, దొర్లేది తొమ్మిది, కాబట్టి 9 ఐరన్. ఎత్తుకు కొట్టాలంటే ఒక క్లబ్ తక్కువ లాఫ్ట్, పల్లానికైతే ఒకటి ఎక్కువ. ఎక్కడున్నా 60 డిగ్రీల లాబ్ వెడ్జే తీసే అలవాటు మానాలి.

ఆగస్టులో సభ్యుల వెడ్జ్‌ల లాఫ్ట్‌లు కొలిపించాం. కొత్త ఐరన్ సెట్లలో పిచింగ్ వెడ్జ్ 43–45 డిగ్రీలకు వచ్చేసింది. దాని పక్కన 56 పెట్టుకుంటే మధ్యలో పన్నెండు డిగ్రీలు ఖాళీ, ఎనభై తొంభై గజాల దగ్గర చేతిలో సరైన క్లబ్ ఉండదు. 44 ఉన్నవారికి 50, 56 సరిపోతాయి. వానల్లో క్లబ్ ముఖం తడిసి ఉంటే బంతి అనుకున్నదానికన్నా పైకి లేస్తుంది, స్పిన్ తగ్గి పడ్డాక ఆగదు. కాబట్టి బ్యాగులో ఒక పొడి తువ్వాలు తప్పనిసరి. పాత టూత్‌బ్రష్‌తో గ్రూవ్‌లు (క్లబ్ ముఖం మీది గాడులు) తోమడానికి రెండు నిమిషాలు పట్టదు.

ముప్ఫై నుంచి యాభై గజాల పిచ్‌కు (చిప్ కన్నా ఎత్తుగా, దూరంగా కొట్టే దెబ్బకు) చెప్పింది ఒక్కటే. వెనక్కి తీసిన దూరం కన్నా ముందుకు వెళ్లే దూరం తగ్గకూడదు. ఎడమ చేయి నేలకు సమాంతరంగా వచ్చేదాకా తీసి ఒక్కో వెడ్జ్‌తో ఎంత దూరం పోతుందో కొలిచి, ఆ అంకెలు రాసి షాఫ్ట్ మీద అంటించుకోమన్నాం. అంటించుకున్నవారు తక్కువే.

బంకర్ సంగతి

ఈ భాగం రాయాలంటేనే విసుగు. బంకర్ అడుగున ఇసుక నాలుగు నుంచి ఆరు అంగుళాలు ఉండాలి. మనకు అద్దెకిచ్చిన ప్రాక్టీస్ బంకర్‌లో రెండు అంగుళాలు కూడా లేదు, కింద గట్టి నేల. ఇసుక షాట్‌లో బౌన్స్ నేలను కొట్టి పైకి ఎగిరి బంతి నడుముకు తగులుతుంది, తప్పు మనదే అనుకుని సభ్యులు చేతుల తీరు మార్చుకుంటారు. యాజమాన్యానికి నాలుగు ఉత్తరాలు రాశాం. ‘చూస్తాం సార్’ అన్న మాట తప్ప ఒక్క బుట్ట ఇసుక రాలేదు. అద్దె మాత్రం పెరిగింది.

ఉన్నంతలోనే నేర్పాం. క్లబ్ ముఖాన్ని ముందు తెరిచి, తర్వాత గ్రిప్ పట్టాలి. పట్టుకున్నాక చేతులు తిప్పి తెరిస్తే కొట్టే వేళకు మళ్లీ మూసుకుంటుంది. బంతి ముందు పాదం మడమకు ఎదురుగా, పాదాలు ఇసుకలో కాస్త కూరి, బంతికి రెండు అంగుళాల వెనక ఇసుకను కొట్టి క్లబ్‌ను ఆపకుండా పూర్తిగా ముందుకు పోనివ్వాలి. ఇసుకలో ఒక గీత గీసి, బంతి లేకుండా, దెబ్బ ఆ గీత దగ్గరే మొదలయ్యేదాకా సాధన చేయాలి. దూరాన్ని స్వింగ్ వేగంతో మార్చాలి తప్ప ఇసుక మందంతో కాదు. ఇసుక పలచగా లేదా తడిసి గట్టిగా ఉంటే ముఖాన్ని అంత తెరవకూడదు. బంతి కూరుకుపోతే ముఖాన్ని నేరుగా పెట్టి నిటారుగా దించాలి, అది దొర్లుతుందని ముందే లెక్క వేసుకోవాలి.

బంకర్ నిబంధనల మీద గంటసేపు వాదన జరిగింది కాబట్టి తేల్చి రాస్తున్నాను. బంతికి ముందూ వెనకా ఇసుకను క్లబ్‌తో తాకినా, ప్రాక్టీస్ స్వింగ్‌లో తాకినా స్ట్రోక్ ప్లేలో (మొత్తం స్ట్రోకులు లెక్కపెట్టే ఆటలో) రెండు స్ట్రోకుల పెనాల్టీ. గీత గీసేది సాధనలోనే, ఆటలో కాదు. 2019 నుంచి ఆకులు, రాళ్లు తీసేయవచ్చు. బంతి కదలకూడదు, అంతే. ఆడలేనంటే రెండు స్ట్రోకులు కలుపుకుని బంకర్ బయట, గుంతకూ బంతికీ సూటిగా వెనక గీతలో డ్రాప్ చేసుకోవచ్చు. పడిపోకుండా క్లబ్ మీద ఆనుకోవడం తప్పు కాదు. విసుగుతో ఇసుకను కొట్టడానికి కూడా నిబంధన ఒప్పుకుంటుంది, ఇసుకను పరీక్షించడానికో, షాట్‌కు దారి సుగమం చేసుకోవడానికో కాకపోతే. ఈ చివరి నిబంధనను మాత్రం అందరూ ఒక్కసారికే గుర్తుపెట్టుకున్నారు.

పుటింగ్

ఎనిమిది అడుగుల పుట్‌లు అమెరికా టూర్ ప్రొఫెషనల్స్‌కే రెండింట్లో ఒకటి పడుతుంది. అది తప్పిందని పుటర్ మార్చేవారు చిప్‌ను ఎనిమిది అడుగుల దూరంలో ఎందుకు వదిలారో ముందు చూసుకోవాలి. గుంత వ్యాసం 4.25 అంగుళాలు. నడిమి నుంచి అంచుకు 2.125. పది అడుగుల నుంచి బంతి ఒక్క డిగ్రీ పక్కకు బయలుదేరితే గుంత దగ్గర సుమారు 2.1 అంగుళాలు తప్పుతుంది, అంటే సరిగ్గా అంచు మీద. అందుకే బంతికి అడుగున్నర ముందు రెండు టీలు (బంతిని ఆనించే పుల్లలు) 2 అంగుళాల సందుతో గుచ్చి సాధన చేయించాం. బంతి వెడల్పు 1.68 అంగుళాలు. టీలకు తగలకుండా దూరిందంటే దారి అర డిగ్రీ లోపే ఉన్నట్టు.

మూడు పుట్‌లు పడేది మాత్రం దారి తప్పి కాదు, దూరం తప్పి. 20, 30, 40 అడుగుల నుంచి ఒక్కొక్క బంతే కొట్టాలి. అక్కడే నిలబడి రెండో బంతి కొడితే చేయి దిద్దుకుంటుంది గానీ కోర్సులో రెండో బంతి ఉండదు. బెర్ముడా రకం గడ్డి వేసిన గ్రీన్ మీద గడ్డి మెరుస్తూ కనిపిస్తే అది గుంత వైపు వాలి ఉంది, బంతి వేగంగా పోతుంది. ముదురు రంగులో కనిపిస్తే ఎదురు వాలు, కాస్త గట్టిగా కొట్టాలి.

ఉగాది పోటీ

ఈ ఏడాది మనం తలెత్తుకుని చెప్పుకోవలసింది ఇదే. ఉగాది ఆదివారం నాడే వచ్చింది. ఆ రోజు ఇంట్లోంచి కదలనివ్వరని తెలిసి ముందు ఆదివారమే పెట్టాం. గ్రీన్ చుట్టూ తొమ్మిది చోట్లు, ఒక్కో చోట ఒక్క బంతి, చిప్ కొట్టి పుట్ వేయాలి, రెండు స్ట్రోకులైతే పార్ (నిర్ణీత స్కోరు). ప్రతి సభ్యుడికీ ఒక క్యాడీ జత. ఏ క్లబ్, బంతి ఎక్కడ పడాలి అన్నది క్యాడీ నిర్ణయం, తువ్వాలు పరిచి చూపించేదీ అతనే. కొట్టడం సభ్యుడి పని. క్యాడీ మాట కాదనుకుంటే అనవచ్చు గానీ కార్డు మీద అలా అని రాయాలి. కార్డులన్నీ కార్యాలయంలో ఉన్నాయి, ఎవరైనా చూడవచ్చు. ‘కాదన్నారు’ అని రాసి ఉన్న చోట్ల నాలుగులూ ఐదులూ బాగా కనిపిస్తాయి. పల్లానికి ఉన్న ఆరో చోట క్యాడీలందరూ శాండ్ వెడ్జ్ అంటే, 60 డిగ్రీలతో ఆకాశానికి లేపబోయినవారి బంతులు ఏరడానికే పావుగంట పట్టింది. గెలిచిన జంటకు ఫలకం, క్యాడీకి సగం బహుమతి సొమ్ము అక్కడికక్కడే ఇచ్చాం. తెలుగు, కన్నడ, తమిళం కలగలిపి క్యాడీలు చెప్పిన వివరణలు చాలామందికి తరగతులకన్నా బాగా అర్థమయ్యాయట.

ఫీజు తగ్గించుకున్న శిక్షకుడు గారికి, తెల్లవారుజామునే పులిహోర, పెసరట్లు సిద్ధం చేసిన మహిళా ఉపసంఘానికి, స్కోర్‌కార్డులు ఉచితంగా అచ్చు వేయించిన సభ్యుడికి, బంతులు ఏరిన కుర్రాళ్లకు, గేటు దగ్గర మన కార్లన్నిటికీ ఓపిగ్గా చోటు చూపిన సెక్యూరిటీ అన్నకు, క్యాడీలందరికీ కృతజ్ఞతలు. పోటీ నిర్వహణకు పేరిచ్చి ఆ రోజు ఫోన్ ఎత్తనివారికి కూడా నమస్కారం. వారి పనిని ముగ్గురే చేశారు. ఆ ముగ్గురి పేర్లు సమావేశంలో చదువుతాం.

లెక్కలు

ఆదాయ వ్యయాల పట్టిక జతపరిచాం, ఆడిట్ పూర్తయింది. బంకర్ అద్దె తప్ప కొత్త ఖర్చులేమీ లేవు. చందా బాకీ ఉన్నవారి జాబితా కోశాధికారి గారి దగ్గర ఉంది, ఇక్కడ రాసి ఎవరినీ ఇబ్బంది పెట్టదలచుకోలేదు.

వచ్చే ఏడాది

ఇసుక వచ్చేదాకా బంకర్ తరగతులు జరపవద్దని, ఆ అద్దె ఆపాలని కార్యవర్గం ప్రతిపాదిస్తోంది. దీని మీద సమావేశంలో ఓటింగ్ ఉంటుంది. క్యాడీలకు ఏటా రెండు సార్లు జీతంతో కూడిన శిక్షకుల పని ఇవ్వాలన్నది రెండో ప్రతిపాదన. స్వచ్ఛంద సేవకు పేర్లివ్వదలచినవారు ఈసారి ఏ ఆదివారం వస్తారో తేదీతో సహా రాసివ్వాలి. ఆగస్టు కొలతల రోజున సంఘం తరఫున అరువిచ్చిన 50 డిగ్రీల వెడ్జ్‌లు రెండు ఇంకా తిరిగి రాలేదు. ఎవరి బ్యాగులో ఉన్నా సమావేశానికి తెచ్చి కోశాధికారి గారికి అప్పగించగలరు.

కార్యవర్గం తరఫున,
కార్యదర్శి, బెంగళూరు