గుట్ట ఖాళీగా లేదు

ఎడిటర్ గారికి,

నమస్కారం. నేను నల్గొండ జిల్లా చింతపల్లి మండలంలో ఉపాధి హామీ మేట్‌ను, అంటే కూలీల పని చూసుకునేదాన్ని. వానాకాలం మొక్కల కోసం ఎండాకాలంలో గుట్ట మీద జంగిల్ కటింగ్ (పొదలు కొట్టడం) చేయించడం, గుంతలు తీయించడం, మస్టర్ (కూలీల హాజరు) రాయడం నా పని. ఆ పని గురించే ఈ ఉత్తరం.

మా గుట్ట మీద పెద్ద చెట్లు లేవు. తంగేడు, రేగు, బలుసు, సీతాఫలం పొదలు, వాటి మధ్య గడ్డి. దేశం మొత్తానికి తయారుచేసిన బంజరు భూముల అట్లాస్‌లో ఇలాంటి పొదల నేలను కూడా బంజరు కిందే వేశారు. అందుకే పైనుంచి ఎవరొచ్చినా "ఖాళీగానే ఉంది కదా, నాటేయండి" అంటారు. ఖాళీ ఎక్కడిది? కౌజు పిట్టలు ఉండేదే అక్కడ. ఫారాల్లో పెంచి హోటళ్లకు అమ్మేవి కావు, అవి జపాన్ జాతివి. ఇది మన బూడిద రంగు కౌజు, తెల్లవారుజామున గుట్టంతా అదిరేలా కూసేది. దట్టమైన అడవిలో ఉండదు, చదును చేసిన నేల మీదా నిలవదు. ఎగరడం కన్నా పరుగెత్తడమే ఎక్కువ, కాబట్టి దూరి దాక్కోవడానికి పొద కావాలి. గుడ్లు నేల మీదే, పొద మొదట్లో పెడుతుంది. పిల్లలు చెదలు, పురుగులు ఏరుకుని తింటాయి. ఏప్రిల్ నుంచి వానల దాకా గుడ్ల కాలం. మేం కొడవళ్లు పట్టుకుని గుట్ట ఎక్కేదీ అప్పుడే. గుడ్లు కనబడితే మా ఆడవాళ్లు ఆ పొద వదిలేసి పక్కకు జరుగుతారు. కొలతలప్పుడు మాత్రం అది చేయని పని కింద లెక్క, కూలి తగ్గుతుంది. ఆ టెన్షన్‌కు రెండోసారి ఎవరు వదులుతారు?

మా పెద్దమ్మ కొడుకు పెన్సిల్వేనియాలో ఉంటాడు. అక్కడి రాష్ట్ర పక్షి రఫ్డ్ గ్రౌస్ కూడా నేల మీద తిరిగే పిట్టే. దానికి ముదురు అడవి పనికిరాదట. అందుకని కొన్ని చోట్ల చెట్లను వంతులవారీగా కొట్టి మళ్లీ చిగురించనిస్తారట. 1961లో పుట్టిన సంఘం ఒకటి విందులు పెట్టి, చందాలు పోగుచేసి ఈ పని చేయిస్తుందట. చందాలిచ్చేవాళ్లలో వేటగాళ్లే ఎక్కువట. మనకు వేట కుదరదు, 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ఒప్పుకోదు, ఒప్పుకోకూడదు కూడా. (అంగట్లో గంప కింద దాచి అమ్మేవాళ్ల సంగతి మరో ఉత్తరంలో రాస్తాను.) వంతుల పద్ధతి మాత్రం మనకు కొత్త కాదు. నరికిన తంగేడు మొదట్లోంచి గుబురుగా లేస్తుందని మేకలు కాసేవాళ్లను అడిగితే చెప్తారు.

పిట్ట కోసం ఊరు కదులుతుందా అంటే, నేనైతే పిట్ట పేరుతో మొదలుపెట్టను. దసరా ముందూ వెనకా ఈ పొదల సీతాఫలాలే రోడ్డు మీద గంపల్లో అమ్మి ఆడవాళ్లు నాలుగు డబ్బులు చూస్తారు. బతుకమ్మకు తంగేడు పువ్వు ఈ గుట్టదే. రాష్ట్ర పుష్పమని పేరు పెట్టుకుని, ఆ పువ్వును బజారులో కొనే రోజులు తెచ్చుకున్నాం. ఈ రెండు మాటలు చెప్తే గ్రామసభలో చేతులు వాటంతటవే లేస్తాయి.

ఎండాకాలం పని ఆపమని నేను అనను, ఇళ్లు గడిచేది ఆ కూలితోనే. ఆ నెలల్లో చెరువు పూడిక తీయించండి. పొదలు కొట్టాల్సి వస్తే చలికాలంలో, అదీ గుట్టలో ఒక వైపే, మిగతాది మరుసటేడుకు వదిలి. వదిలిన పొదకు కూలి కోయొద్దని కొలతలు తీసేవాళ్లకు రాతపూర్వకంగా చెప్పాలి. 2002 జీవవైవిధ్య చట్టం కింద ప్రతి పంచాయతీలో ఒక కమిటీ, ఊరి మొక్కలు, జీవాల వివరాలు రాసే రిజిస్టర్ ఉండాలి. ఆ రిజిస్టర్‌లో మా గుట్టను కౌజులతో, సీతాఫలంతో సహా రాయాలని ఈసారి గ్రామసభలో అడగబోతున్నాను. పక్క మండలాల మేట్లు కూడా తమ ఊళ్లలో అడగాలని నా కోరిక. వచ్చే ఏడాది పనుల జాబితా ఖాయం కాకముందే అడగాలి.

ఇట్లు,
ఒక మహిళా మేట్,
చింతపల్లి మండలం, నల్గొండ జిల్లా