అమ్మోనియా లైన్‌కి అడిగినది ఒక పైపు, వచ్చినది మరొకటి

సేల్స్ మేనేజర్ గారికి,

విషయం: చలి లైన్లకు వాడే ఏ333 గ్రేడ్ 6 పైపులకు బదులు వేడి లైన్లకు వాడే ఏ106 గ్రేడ్ బి పంపడం, అడిగాక మార్చిన టెస్ట్ సర్టిఫికెట్ ఇవ్వడం గురించి.

అయ్యా,

మా పర్చేజ్ ఆర్డర్‌లో రెండు రకాల పైపులు ఉన్నాయి. ద్రవ అమ్మోనియా లైన్‌కి 6 అంగుళాల షెడ్యూల్ 40 (గోడ మందం తరగతి) సీమ్‌లెస్ (అతుకు లేని) పైపు, ఏఎస్‌టీఎం ప్రమాణం ఏ333 గ్రేడ్ 6. ఆవిరి లైన్‌కి ఏఎస్‌టీఎం ఏ106 గ్రేడ్ బి. లారీ వచ్చాక చూస్తే అన్ని బండిల్స్ మీదా ఏ106 అనే రాసి ఉంది. ఏ333 పైపు మీద ఎల్‌టీ అనే అక్షరాలు, పక్కనే ఇంపాక్ట్ టెస్ట్ (చల్లబరిచిన ముక్కని దెబ్బ కొట్టి విరిచే పరీక్ష) చేసిన ఉష్ణోగ్రత ఉండాలి. ఒక్క పైపు మీద కూడా అవి లేవు.

ఫోన్ చేస్తే మీ ప్రతినిధి చెప్పిన మాట ఇది: "రెండూ కార్బన్ స్టీలే కదండీ, బలం కూడా ఒకటే. ఏ106 పెద్ద వేడికే తట్టుకుంటుంది, చల్లదనం దానికో లెక్కా?" పైపులు అమ్మే సంస్థ నుంచి ఈ మాట వినాల్సి వస్తుందని మేం అనుకోలేదు.

బలం ఒకటేనన్నది నిజమే. రెండింటికీ కనీస ఈల్డ్ (శాశ్వతంగా సాగడం మొదలయ్యే ఒత్తిడి) 240 ఎంపీఏ, టెన్సైల్ (తెగే ముందు తట్టుకునే గరిష్ఠ ఒత్తిడి) 415 ఎంపీఏ. కానీ ఆ టెన్సైల్ పరీక్ష చేసేది గది ఉష్ణోగ్రత దగ్గర. చలి పెరిగేకొద్దీ కార్బన్ స్టీల్ బలం తగ్గదు, ఇంకాస్త పెరుగుతుంది కూడా. పోయేది సాగే గుణం. ఒక హద్దు దాటాక చిన్న వెల్డ్ లోపం దగ్గరో, ఒక దెబ్బ తగిలినప్పుడో, ముందు వంగకుండా, ఉబ్బకుండా ఒక్కసారిగా పగులుతుంది. వేడిని తట్టుకోవడానికీ దీనికీ సంబంధం లేదు. అందుకే గ్రేడ్ 6 పైపుని మైనస్ 45 డిగ్రీల దగ్గర చార్పీ పరీక్ష (అదే ఇంపాక్ట్ టెస్ట్) చేసి మరీ ఇస్తారు. ఏ106లో ఆ పరీక్ష తప్పనిసరి కాదు, మీరు పంపిన మొదటి సర్టిఫికెట్‌లోనూ లేదు. ద్రవ అమ్మోనియా వాతావరణ పీడనం దగ్గర మైనస్ 33 డిగ్రీల్లో మరుగుతుంది, మా లైన్ నడిచేది ఆ చలిలోనే. ఏఎస్‌ఎంఈ బి31.3 పైపింగ్ కోడ్ ప్రకారం ఇంపాక్ట్ టెస్ట్ లేని ఏ106 గ్రేడ్ బిని ఈ మందంలో మామూలుగా మైనస్ 29 వరకే వాడొచ్చు. పైపులో ఒత్తిడి తక్కువగా ఉంటే ఇంకొంచెం కిందికి వెళ్లే వెసులుబాటు కోడ్‌లో ఉంది, కాదనడం లేదు. అయితే అది డిజైనర్ లెక్క వేసి తేల్చాల్సిన సంగతి. సరుకు పంపేవాళ్లు ఫోన్‌లో తేల్చేది కాదు.

ఇంతవరకూ పొరపాటు అనుకుని సర్దుకునేవాళ్లం. తర్వాత మీరు మెయిల్ చేసిన రెండో సర్టిఫికెట్ చూశాకే ఈ లేఖ రాయాల్సి వచ్చింది. అదే హీట్ నంబర్ (ఒకేసారి కరిగించిన ఉక్కుకి ఇచ్చే నంబర్), అదే తేదీ, అవే రసాయన అంకెలు. పైన మాత్రం ఏ333 గ్రేడ్ 6 అని మారింది, కింద ఇంపాక్ట్ టెస్ట్ వరస ఒకటి కొత్తగా చేరింది: మైనస్ 45 దగ్గర, 10 బై 10 మిల్లీమీటర్ల ముక్కలు మూడు, ఫలితాలు 18, 18, 18 జౌల్స్. ప్రమాణం అడిగే కనీస సగటు సరిగ్గా 18. మూడు ముక్కలూ ఆ అంకె దగ్గరే ఆగాయంటే మీ మిల్లువాళ్లయినా నమ్ముతారా? అది పక్కన పెడదాం. 6 అంగుళాల షెడ్యూల్ 40 పైపు గోడ మందం 7.11 మిల్లీమీటర్లు. అందులోంచి 10 మిల్లీమీటర్ల మందం ముక్క ఎలా కోశారో దయచేసి చెప్పండి. ఈ పైపుకి సబ్‌సైజు ముక్కలే (10 మిల్లీమీటర్ల కంటే సన్నవి) వాడాలి, వాటికి జౌల్స్ లెక్క కూడా వేరు.

ఇది మా స్టోర్స్‌లో ఎవరూ గమనించకపోతే ఆ పైపులు లైన్‌లోకి వెళ్లిపోయేవి. పీఎంఐ గన్ (లోహంలో ఏమేం కలిశాయో చూపే పరికరం) పెట్టినా ఈ రెండు గ్రేడ్‌ల తేడా దొరకదు. మిగిలేది కాగితం మీద నమ్మకం ఒక్కటే, దాన్నే మీరు పాడు చేశారు.

అందుకే ఆవిరి లైన్ పైపుల కాగితాలు కూడా మళ్లీ తిరగేశాం. ఒక హీట్‌లో సిలికాన్ 0.04 శాతం అని ఉంది. ఏ106 కనీసం 0.10 శాతం అడుగుతుంది. మామూలు వాడకానికి చేసే ఏ53 పైపుకి ఆ షరతు లేదు కాబట్టి, అది ఏ53 హీట్ అయి ఉంటుందని మా అనుమానం.

ముక్క కోసి ల్యాబ్‌లో ఇంపాక్ట్ టెస్ట్ చేయించి పంపుతామని మీ ప్రతినిధి ఇప్పుడు అంటున్నారు. అది మాకు పనికిరాదు. గ్రేడ్ 6 అంటే పరీక్ష ఒక్కటే కాదు, నార్మలైజింగ్ (వేడి చేసి గాలిలో చల్లార్చడం) లాంటి హీట్ ట్రీట్‌మెంట్ వివరం కూడా మిల్లు నుంచే రావాలి.

అమ్మోనియా లైన్ పైపులన్నిటినీ, ఆవిరి లైన్‌లో ఆ ఒక్క హీట్‌నీ రిజెక్ట్ చేసి, ఎర్ర ట్యాగ్ కట్టి విడిగా పెట్టాం. మీ ఖర్చుతో వాటిని వెనక్కి తీసుకెళ్లండి. బదులు పంపే పైపులకు ఈఎన్ 10204 3.1 సర్టిఫికెట్ (ఆ పైపుల పరీక్ష ఫలితాలతో మిల్లు ఇచ్చే తనిఖీ పత్రం) కావాలి, దాన్ని మేం నేరుగా మిల్లుతో సరిచూసుకున్నాకే లారీ బయల్దేరాలి. రెండో సర్టిఫికెట్‌లో ఆ వరస ఎవరు చేర్చారో రాతపూర్వకంగా తెలపండి. ఆ జవాబు వచ్చేదాకా మీ బిల్లు ఆపమని మా అకౌంట్స్ విభాగానికి చెప్పాం. రెండు సర్టిఫికెట్ల కాపీలు, పైపుల మీది మార్కింగ్ ఫొటోలు దీనికి జత చేశాం.

ఇట్లు,
పైపింగ్ ఇన్‌ఛార్జ్