గోడలకెక్కిన పాత కెమెరాల సంగతి తేల్చండి: ఐటీ శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన రాష్ట్ర ఐటీ శాఖ మంత్రి గారికి నమస్కారాలు.

ఇళ్లలోని వైఫై కెమెరాల భద్రత గురించి, నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో ఆ కెమెరాలు బిగించే పని చేసుకునేవాళ్లం పెట్టుకున్న అర్జీలకు ‘పరిష్కరించబడింది’ అని ఫోన్‌కి మెసేజ్ వచ్చింది. ఏం పరిష్కరించారో ఎవరూ చెప్పలేదు. అందుకే ఈ లేఖ అందరి ముందూ రాస్తున్నాం.

2025 ఏప్రిల్ 9 నుంచి అమల్లోకొచ్చిన కేంద్ర నిబంధన మీకు తెలిసిందే. భద్రతా పరీక్షలో నెగ్గని సీసీ కెమెరా అమ్మడానికి వీల్లేదు. మంచి పని చేశారు. కానీ అంతకు ముందే గోడలకెక్కిన కెమెరాల మాటేమిటి? ‘ఒక సీసీ కెమెరా వంద మంది పోలీసులతో సమానం’ అని ఊరూరా చెప్పి పెట్టించినవి ఉన్నాయి. అమెరికాలోనో బెంగళూరులోనో ఉన్న పిల్లలు అమ్మానాన్నల్ని చూసుకోడానికి హాల్లో పెట్టించినవి ఉన్నాయి. అల్లూరు, ముత్తుకూరు వైపు రొయ్యల గుంటల గట్ల మీద, నీళ్లలో గాలి కలిపే ఏరియేటర్లకు కాపలా పెట్టినవి ఉన్నాయి. ఇవేవీ ఎవరి లెక్కలోనూ లేవు.

చవకరకం బల్బు కెమెరానే తీసుకోండి. హోల్డర్‌లో తిప్పి, యాప్‌లో క్యూఆర్ కోడ్ చూపిస్తే బొమ్మ వచ్చేస్తుంది. ఇంటాయన యాప్‌కి గట్టి పాస్‌వర్డ్ పెట్టుకుని, ఇక తాళం పడిందనుకుంటాడు. ఆ తాళం యాప్ ఖాతాకే. ఇలాంటి కెమెరాల్లో చాలావాటికి వెనకవైపు ఇంకో రెండు తలుపులుంటాయి. ఒకటి 554 నంబరు పోర్టు, వీడియో నేరుగా బయటికొచ్చే దారి. దానికి తరచూ యూజర్ పేరు అడ్మిన్, పాస్‌వర్డ్ 123456, లేదా అసలు ఖాళీ. యాప్‌లో పాస్‌వర్డ్ ఎన్నిసార్లు మార్చినా ఇది మారదు. రెండోది 23 నంబరు, టెల్నెట్, అంటే దూరం నుంచి కెమెరాలోకి లాగిన్ అయి ఆజ్ఞలిచ్చే దారి. దాని పాస్‌వర్డ్‌ని తయారీదారు ఫర్మ్‌వేర్‌లోనే, అంటే కెమెరాని నడిపే సాఫ్ట్‌వేర్‌లోనే, అచ్చు గుద్ది పంపుతాడు. ఆ మోడల్ కెమెరాలన్నిటికీ అదొక్కటే. కొన్నవాడు మార్చుకుందామన్నా ఎక్కడా ఆ అవకాశం ఉండదు. 2016లో మిరాయ్ అనే వైరస్ ఇలాంటి పాస్‌వర్డ్‌లు అరవై పైచిలుకు ఒక జాబితాగా పెట్టుకుని, లోకమంతా కెమెరాల్నీ రికార్డర్లనీ వశం చేసుకుంది. వాటితో చేయించిన దాడికి ఆ అక్టోబరు 21న అమెరికాలో పెద్దపెద్ద వెబ్‌సైట్లు ఆగిపోయాయి. ఆ పాత జబ్బు చవక కెమెరాల్లో ఇప్పటికీ ఉంది.

రౌటర్ వెనకున్న కెమెరా బయటివాళ్లకు కనపడదు కదా అంటారు. రౌటర్‌లో యూపీఎన్‌పీ అనే సదుపాయం ఆన్‌లో ఉంటే కెమెరానే రౌటర్‌ని అడిగి పోర్టు తెరిపించుకుంటుంది, ఇంట్లోవాళ్లకు తెలియను కూడా తెలియదు. అది ఆపేసినా పీటూపీ, అంటే కెమెరానీ ఫోన్‌నీ నేరుగా కలిపే పద్ధతి, మిగులుతుంది. మీరు ఎక్కడినుంచైనా ఫోన్‌లో చూడగలుగుతున్నారంటే, కెమెరా తన గుర్తింపు (యూఐడీ) నంబరుతో ఎక్కడో ఉన్న సర్వర్‌ని ఎప్పుడూ పట్టుకుని ఉండబట్టే. 2019లో ఐలింక్ పీటూపీ అనే వ్యవస్థలో ఆ నంబర్లను ఊహించి పట్టేయొచ్చని తేలింది. ఆ లోపమున్న పరికరాలు 20 లక్షలకు పైనే. 2021లో కలే అనే మరో వ్యవస్థలోనూ వేరే రకం పెద్ద లోపం బయటపడింది. రౌటర్‌లో యూపీఎన్‌పీ ఆపినంత మాత్రాన ఇది పోదు, దీనికి అసలు మందు తయారీదారు ఇచ్చే కొత్త ఫర్మ్‌వేరే.

అసలు బాధ అక్కడే మొదలవుతుంది. పేరులేని కంపెనీ కెమెరాలో అప్‌డేట్ నొక్కితే ‘ఇదే తాజా వెర్షన్’ అంటుంది. మూడేళ్ల కిందటి తేదీ ఉన్నా అదే మాట, ఎందుకంటే తయారీదారు ఆ మోడల్‌ని ఎప్పుడో వదిలేశాడు. పెద్ద కంపెనీదైనా కథ వేరుగా లేదు. 2021లో హిక్‌విజన్ కెమెరాల్లో పాస్‌వర్డ్ అక్కర్లేకుండానే లోపలికి దూరగలిగే లోపం బయటపడితే కంపెనీ సరిచేసిన ఫర్మ్‌వేర్ ఇచ్చింది. అది కెమెరాకి చేరాలంటే ఎవరో ఒకరు లాగిన్ అయి ఎక్కించాలి. ఎవరు ఎక్కించాలి? కొన్నాయనా, అమ్మిన దుకాణమా, పెట్టుకోమన్న పోలీసులా? జవాబు చెప్పే నాథుడు లేడు.

2025 ఫిబ్రవరిలో రాజ్‌కోట్ ప్రసూతి ఆసుపత్రి దృశ్యాలు టెలిగ్రామ్‌లో అమ్మకానికి రావడం మీరూ చూశారు. పరీక్షలకని వచ్చిన ఆడవాళ్ల పరువది. మన జిల్లాల్లో అలాంటిది జరిగాక కేసు పెట్టి ఏం లాభం?

ఇంకో మాట. పాత స్టాకు మీద భారత ప్రమాణాల సంస్థ (బీఐఎస్) గుర్తు చూపించి ‘ప్రభుత్వం ఒప్పుకున్నదే’ అని అమ్ముతున్నారు. మొదట్లో ఆ గుర్తుకి చేసిన పరీక్ష షాకు కొట్టకుండా, నిప్పంటుకోకుండా చూసేదే. హ్యాకింగ్‌కీ దానికీ సంబంధం లేదు. దుకాణాల్లో తనిఖీ చేసేవాళ్లకైనా ఈ తేడా చెప్పించండి.

మేం అడిగేది కోట్ల ఖర్చు కాదు. గ్రామ, వార్డు సచివాలయాల్లో డిజిటల్ అసిస్టెంట్లున్నారు, మహిళా పోలీసులున్నారు. వాళ్లకు ఒక్కపూట నేర్పితే చాలు. రౌటర్ పేజీలో కెమెరా ఐపీ చిరునామా చూసి, పోర్టులు వెతికే ఉచిత యాప్‌తో 23, 554, కెమెరా వెబ్ పేజీ తెరుచుకునే 80 తెరిచి ఉన్నాయేమో చూడాలి. రౌటర్‌లో యూపీఎన్‌పీ ఆపి, బయటినుంచి కెమెరాకి దారిచ్చే పోర్టు ఫార్వర్డింగ్ ఉంటే తీసేసి, కెమెరాని ఇంట్లో మిగతా పరికరాలకు దూరంగా ఉండే గెస్ట్ వైఫైలోకి మార్చాలి. కెమెరా సెట్టింగుల్లో వీలుంటే 554కి విడిగా వేరే పాస్‌వర్డ్ పెట్టాలి. బిగించినవాడి ఫోన్‌లో యజమాని ఖాతా ఉండిపోతే, అందులోంచి కెమెరాని తీసేయించి, రీసెట్ చేసి ఇంటివాళ్ల పేరున మళ్లీ కలపాలి. 23 మూయడం కుదరని కెమెరాని ఇంట్లోంచి తీసేయమని నిక్కచ్చిగా చెప్పాలి. అంతా కలిపి ఇంటికి అరగంట పని. ప్రభుత్వం పెట్టించిన కెమెరా అయితే మార్చే ఖర్చు ప్రభుత్వమే భరించాలి. అప్‌డేట్లు ఏ సంవత్సరం దాకా ఇస్తారో పెట్టె మీద అచ్చు వేయాలని కేంద్రానికి మీరు రాయాలి. బ్రిటన్‌లో 2024 ఏప్రిల్ 29 నుంచి ఆ గడువు చెప్పాల్సిందే, అన్నిటికీ ఒకే పాస్‌వర్డ్ పెట్టి అమ్మడమూ నిషేధమే.

దయచేసి దీన్ని ఇంకో శాఖకు పంపేసి ఊరుకోకండి. సంక్రాంతికి ఊళ్లకొచ్చే పిల్లలు పెద్దవాళ్ల కోసం కెమెరాలు పెట్టించి వెళ్తారు. మిగతావి ఆలస్యమైనా, ఈలోగా పైన చెప్పిన జాగ్రత్తలు తెలుగులో ఒక్క పేజీ అచ్చు వేయించి, కెమెరాలమ్మే ప్రతి దుకాణంలో బిల్లుతో పాటు ఇప్పించండి.

ఇట్లు,
కెమెరాలు బిగించే పనివాళ్లం,
నెల్లూరు, కావలి, ఒంగోలు